లోవకుమారి చెంప మీద నీలం

మా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వచ్చిన ఆచార్య పరాంకుశం గారు మట్టిని చదువుకున్న మనిషి. ఏ నేలలో సున్నం ఎంత ఉందో, ఏ నేలలో చెరకు ఎందుకు పండదో గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుని చెప్పగలరు. ఆయన ఒకసారి నేలల మీద ఏదో సదస్సుకని విదేశం వెళ్లారు. అక్కడ వాన పడి పొలాల పర్యటన రద్దయింది. ఆతిథ్యం ఇచ్చినవాళ్లు, వచ్చిన శాస్త్రవేత్తలందరినీ ఏం చెయ్యాలో తోచక ఒక చిత్రశాలకు తీసుకెళ్లారు. అక్కడ మా వీసీ గారు ఒక ముసలాయన బొమ్మ ముందు ఆగిపోయారు. ఆ ముసలాయన నుదురు లేతనీలం, చెవి ఎరుపు, గడ్డం ఊదా. చిత్రశాల మూసే వేళ కాపలావాడు వచ్చి భుజం తట్టేదాకా ఆయన అక్కడినుంచి కదలలేదట.

తిరిగొచ్చాక అధ్యాపకుల సమావేశంలో ఆయన అన్నారు: "ఇన్నేళ్లూ నేను నేల వైపే చూశాను. మనిషి ముఖంలో ఇన్ని రంగులున్నాయని నాకెవరూ చెప్పలేదు."

మాకూ ఎవరూ చెప్పలేదు కనక అందరం చప్పట్లు కొట్టాం.

అక్కడితో ఆగితే ఏ ఇబ్బందీ లేకపోయేది. కాని ఆ మర్నాడు ఆయన తన గుర్తింపు కార్డు చూసుకున్నారు. అందులో ఫొటో అందరి కార్డుల్లో ఫొటోల్లాగే ఉంది. అంటే, పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉంది. వెంటనే నన్ను పిలిపించారు. నేను సిబ్బంది వ్యవహారాల విభాగంలో సూపరింటెండెంటును. ఆయన చెప్పిన మాటలు కాగితం మీద పెట్టడం నా పని. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది:

"ప్రస్తుత గుర్తింపు కార్డులయందలి ఛాయాచిత్రములు ఉద్యోగి యొక్క బాహ్యరూపమును మాత్రమే తెలుపుచు, అంతర్వ్యక్తిత్వమును తెలుపుటయందు విఫలమగుచున్నందున, ఇకమీదట ఆధునిక రీతిలో చిత్రింపబడిన వర్ణచిత్రములను మాత్రమే గుర్తింపునకు ఆధారముగా పరిగణించవలెను. ఛాయాచిత్రములు ఇందుమూలముగా రద్దు చేయడమైనది."

బొమ్మలు వేసే బాధ్యత చిత్రకళా విభాగానికి అప్పగించారు. ఆ విభాగానికి అధిపతి కాత్యాయని గారు. అంతకుముందు మా విశ్వవిద్యాలయం ఆ విభాగాన్ని రెండు పనులకే వాడుకునేది: స్నాతకోత్సవం రోజు వేదిక వెనక తెర రాయడానికి, నీళ్ల ట్యాంకుల మీద నంబర్లు వేయడానికి.

"ముఖాలు గీయమని ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు సూపర్నెంటు గారూ," అన్నారావిడ ఉత్తర్వు చదువుకుని. "గీస్తాను. సరిగ్గానే గీస్తాను."

వచ్చిన చిక్కంతా అందులోనే ఉంది. ఆవిడ సరిగ్గానే గీశారు.

గీసిన ముఖం ఆ ఉద్యోగిదేనని ధ్రువీకరించడానికి ప్రతి బొమ్మ దగ్గరా ఒక బాధ్యతాయుతమైన అధికారి ఉండాలన్నారు. నన్ను వేశారు. చిత్రకళా విభాగంలో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే దొరబాబు ఒకరోజు తెల్లవారుతూనే వచ్చాడు. తూర్పు కిటికీ పక్కన కూర్చోబెట్టి ఆవిడ మొదలుపెట్టారు. నుదుటికి నిమ్మపండు పసుపు పూశారు. మెడ కింద ఊదా రంగు పెట్టారు. నేను ఉండబట్టలేక, "నీడ కదమ్మా, నల్లగా ఉండాలేమో," అన్నాను.

"చూడండి," అన్నారావిడ కుంచెతో అతని మెడ చూపించి. "నలుపు ఎక్కడుంది?"

చూశాను. లేదు. ఊదాయే ఉంది. చూడకపోయినా బాగుండేది. ఆ రోజు నుంచి భోజనం దగ్గర కూర్చుంటే మా ఆవిడ ముక్కు పక్కన ఆకుపచ్చ కనిపించడం మొదలైంది. ఆ మాట పైకి అని ఒక పూట భోజనం పోగొట్టుకున్నాను కూడా.

దొరబాబు భార్య లోవకుమారి మా దగ్గరే పరీక్షల విభాగంలో పని చేస్తుంది. వాళ్ల పెళ్లి అంతకుముందు శ్రావణంలోనే అయింది. ఇద్దరూ వయసులో పిల్లలేం కాదు. దొరబాబు మొదటి భార్య పోయి చాలాకాలం. లోవకుమారి తండ్రి పోయాక ఇద్దరు తమ్ముళ్లను పైకి తెచ్చేసరికి తనకు పెళ్లి వయసు దాటిపోయిందని ఊళ్లోవాళ్లు తేల్చేశారు, ఆవిడా ఒప్పేసుకుంది. ఆ తర్వాత పరీక్షల విభాగంవాళ్లు పాత ప్రశ్నపత్రాల కోసం లైబ్రరీకి వెళ్లడం, అవి ఎప్పుడూ దొరబాబుకే దొరకడం, అలా కొన్నాళ్లు నడిచి, చివరికి అన్నవరం కొండ మీద పెళ్లి జరిగింది. మేమందరం వెళ్లి భోంచేశాం. అప్పటినుంచి మధ్యాహ్నం పూట పరీక్షల విభాగం మెట్ల మీద ఇద్దరూ ఒకే క్యారేజీ విప్పుకుని తినేవారు. ఆ వేళప్పుడు ఎవరైనా ఆ మెట్లెక్కాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్లేవారు.

సప్లిమెంటరీ పరీక్షల పని మీద ఉండడంతో లోవకుమారికి పొద్దుగూకాక గాని బొమ్మకు రావడం కుదరలేదు. ఆ గదిలో ట్యూబులైటు ఎప్పుడో పోయింది. పాత బల్లదీపం ఒకటి వెలిగించి పక్కన పెట్టారు. కాత్యాయని గారు కుంచె పట్టుకోకుండా చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నారు.

"ఏంటి మేడం, బొట్టు వంకరగా ఉందా?" అంది లోవకుమారి.

"లేదమ్మా."

"మరెందుకండీ అలా చూత్తున్నారు?"

"చూడ్డమే నా పని."

లోవకుమారి కాసేపు చీర కొంగు సర్దుకుంది. "నన్నెవరూ ఇంతసేపు చూడలేదండి. పెళ్లిచూపులప్పుడు కూడా. వచ్చినోళ్లు కాఫీ తాగేసి, మా తమ్ముళ్లు ఏం చదువుతున్నారో అడిగేసి ఎల్లిపోయేవోరు."

కాత్యాయని గారు కుంచె అందుకున్నారు. పని మొదలుపెట్టారు. బొమ్మ పూర్తయ్యాక నేనూ లేచి వెళ్లి చూశాను. దీపం వైపు చెంప నారింజ రంగులో ఉంది. రెండోవైపు చిక్కటి ఆకుపచ్చ. ముక్కు పొడుగునా సన్నటి పసుపు గీత. నీడలో ఉన్న కంటి కొసన దారమంత ఎరుపు. దగ్గరికెళ్తే రంగుల మరకలే. రెండడుగులు వెనక్కి వేస్తే లోవకుమారి. ఎవరో పిలుస్తారని ఎదురుచూడడం మానేశాక, పిలుపు వినపడ్డ మనిషిలా ఉంది.

"ఇది నేనేనాండి?" అంది ఆవిడ.

"ఈ దీపం దగ్గర మీరే," అన్నారు కాత్యాయని గారు.

ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన దొరబాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. బొమ్మ ముందు నిలబడ్డాడు. "ఇలాగే ఉంటావు నువ్వు," అన్నాడు మెల్లగా. "తిరగమోత పెట్టేటప్పుడు."

నేను ధ్రువీకరణ సంతకం పెట్టి, వాళ్లకంటే ముందు బయటికి వచ్చేశాను.

బొమ్మలన్నీ పూర్తయ్యాయి. వాటిని చిన్నవి చేసి కార్డుల మీద ముద్రించి పంచారు. మర్నాడు పొద్దున్న గేటు ముందు వరస బస్టాపు దాకా సాగింది.

మా భద్రతాధికారి తాతబ్బాయి సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవాడు. కార్డుకీ ముఖానికీ పోలిక చూడమంటే చూస్తాడు. కార్డులో ఉన్నది ముఖంలో లేకపోతే పంపడు. ఉత్తర్వులో రాసింది అదే కాబట్టి అతని తప్పు ఎవరూ పట్టలేకపోయారు.

"సార్, కార్డులో తమరి చెవి ఎర్రగా ఉందండి," అన్నాడు వృక్షశాస్త్రం ప్రొఫెసరు గారిని ఆపి. "తమరికలా లేదండి."

"అది కళ నాయనా."

"ఆయ్, కళే అయ్యుంటాదండి. చెవి మాత్రం ఎర్రగా లేదండి."

ప్రొఫెసరు గారు అటూ ఇటూ చూసి, చెవిని గట్టిగా మెలిపెట్టుకున్నారు. తాతబ్బాయి కార్డు చూసి, చెవి చూసి, సెల్యూట్ కొట్టి లోపలికి పంపాడు. వెనకున్నవాళ్లకు దారి దొరికింది. ఎరుపులున్నవాళ్లందరూ చెవులూ ముక్కులూ నలుపుకుంటూ లోపలికి వెళ్లారు. ఆకుపచ్చలున్నవాళ్లు, నీలాలున్నవాళ్లు బయట మిగిలారు. మధ్యాహ్నానికి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో రంగుపొడులు అయిపోయాయి. చెంపలకు కరివేపాకు నూరి రాసుకొచ్చిన ఒక గణితం లెక్చరర్ని తాతబ్బాయి నకిలీ ముఖం కింద పట్టి కూర్చోబెట్టాడు.

వీసీ గారికి ఇవేమీ తెలియవు. వీసీ గారి కారును ఆపే నిబంధన లేదు.

సాయంత్రం రిజిస్ట్రారు గారు ఒక సంఘం వేశారు. దానికి మొదట వర్ణ నిర్ధారణ సంఘం అని పేరు పెట్టి తలుపు మీద బోర్డు తగిలించారు. తెల్లారేసరికి ఆ తలుపు ముందు జనం కులం సర్టిఫికెట్లు పట్టుకుని బారులు తీరారు. పేరును రంగుల సంఘంగా మార్చి, వచ్చినవాళ్లకు సర్ది చెప్పి పంపేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు కాత్యాయని గారిని పిలిచి సంజాయిషీ అడిగారు.

"లేని రంగులు ఉద్యోగులకు అంటగట్టినట్టు ఆరోపణ. మీరేమంటారు?"

"లేనివి వేయలేదండి," అన్నారావిడ. "ముఖానికి సొంత రంగంటూ ఒకటి ఉండదు. ఏ వెలుగు పడితే ఆ రంగు. పొద్దుటి వెలుగులో పసుపూ ఊదా ఉంటాయి. దీపం దగ్గర నారింజా ఆకుపచ్చా ఉంటాయి. నేను గీసిన వెలుగులో నిలబెట్టి చూడండి, కనిపిస్తాయి."

రిజిస్ట్రారు గారు ఆలోచించారు. "అంటే, ఆ వెలుగులో ఉన్నప్పుడు మాత్రమే ఆ ఉద్యోగి ఆ ఉద్యోగి."

"నేనలా అనలేదండి."

"పరిపాలనాపరంగా దానర్థం అదే. సూపరింటెండెంటు గారూ, రాసుకోండి."

రాశాను. "ఏ ఉద్యోగి ఏ వెలుగునందు చిత్రింపబడెనో, ఆ ఉద్యోగి ఆ వెలుగునందు మాత్రమే విధులకు హాజరు కావలెను. ఇతర వెలుగులందు హాజరగుట పరరూప ధారణముగా పరిగణింపబడును."

ఉద్యోగులను ఉదయపు వెలుగు, మధ్యాహ్నపు వెలుగు, సాయంకాలపు వెలుగు, దీపపు వెలుగు, ఇతరములు అని విభజించాం. ఇతరముల్లో తత్వశాస్త్రం లెక్చరరు ఉన్నారు. ఆయన బొమ్మ మబ్బు పట్టిన రోజున వేశారు. ఎండాకాలమంతా ఆయన ఇంట్లోనే ఉండి, రోజూ ఆకాశం చూసి, మబ్బు లేదని విశ్వవిద్యాలయానికి తెలియజేసేవారు. తొలకరి పడ్డాక పాపం ఆయనకు ఊపిరాడలేదు. కామర్సు రీడరు గారి బొమ్మ వేసిన రోజున గది కప్పు కారుతుంటే పైన నీలం టార్పాలిన్ కట్టారు. ఆ కారణంగా ఆయన ఎక్కడికి వెళ్లినా ఇద్దరు అటెండర్లు నీలం టార్పాలిన్ ఆయన నెత్తిన పట్టుకుని వెంట నడిచేవారు. ఆయన పాఠం దాని కిందే చెప్పేవారు. ఫలహారమూ దాని కిందే. ఆ ఇద్దరు అటెండర్ల కార్డుల్లో మధ్యాహ్నపు వెలుగుండడం వల్ల వాళ్లు టార్పాలిన్‌కు బయట నిలబడి చేతులు మాత్రమే లోపలికి చాపేవారు.

విద్యార్థుల కార్డులకు ఇంకా ఫొటోలే. వాళ్లు మామూలుగా పది గంటలకు వచ్చేవారు. రసాయనశాస్త్రం మాస్టారు తెల్లవారుజామున వచ్చి ఖాళీ బెంచీలకు పాఠం చెప్పి వెళ్లేవారు. తర్వాత పిల్లలొచ్చి ఖాళీ బల్ల వైపు చూసి వెళ్లేవారు. ఆ ఏడు ఫలితాల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు.

ఉదయపు వెలుగు దొరబాబుకు, దీపపు వెలుగు లోవకుమారికి వచ్చాయి.

వాళ్లది ఊళ్లో ఇల్లు. దొరబాబు చీకటితోనే బయల్దేరేవాడు, అప్పటికి ఆవిడ నిద్రలో ఉండేది. ఆవిడ పని ముగించుకుని ఇల్లు చేరేసరికి అతను నిద్రపోయి ఉండేవాడు. ఉదయపు వెలుగు పోయాక మిగతా పనిగంటలు గేటు బయటి పుస్తకాల గోదాములో నిండాలి గనక, సాయంత్రం అతను పని దిగి ఎక్కే బస్సూ, ఆవిడ పనికెక్కే బస్సూ కాలవ లాకుల దగ్గర ఎదురుపడేవి. లాకుల మీద వంతెన ఇరుకు. ఒక బస్సు ఆగితేగాని ఇంకొకటి దాటదు. ఆ ఆగిన కాసేపట్లో ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి క్యారేజీ అందించేది లోవకుమారి. "పప్పులో ఉప్పు తగ్గింది, చూసుకోండి" అనేది. అతను ఏదో చెప్పబోయేసరికి బస్సు కదిలేది. ఆదివారం పూట ఇద్దరూ నిద్రతోనే సరిపెట్టుకునేవారు. కొన్నాళ్లకు ఆ బస్సుల డ్రైవర్లిద్దరూ వంతెన దగ్గర ఏదో ఒక వంక పెట్టి ఇంకాస్త ఎక్కువసేపు ఆపడం మొదలుపెట్టారు.

చివరికి లోవకుమారి దరఖాస్తు పెట్టుకుంది. భార్యాభర్తలను ఒకే వెలుగులో ఉంచవలసిందిగా ప్రార్థన.

సంఘం కూర్చుంది.

"స్పౌజు కోటా బదిలీలకు వర్తిస్తుంది," అన్నారు రిజిస్ట్రారు గారు. "వెలుగుకు వర్తిస్తుందని ఎక్కడా లేదు."

"అసలు వెలుగు అనేది పోస్టా, స్థలమా?" అని అడిగారు ఆర్థికాధికారి గారు. దాని మీద ఒక పూట చర్చ జరిగింది. తేలలేదు.

పరస్పర మార్పిడికి ఒప్పుకునేవాళ్లు ఉదయపు వెలుగులో ఎవరైనా ఉన్నారేమో చూడమన్నారు. ఒక్క అటెండరు ముందుకొచ్చాడు. కాని పరస్పర మార్పిడి అంటే లోవకుమారి అతని ముఖం తీసుకోవాలి, అతను ఆవిడ ముఖం తీసుకోవాలి అని తేలడంతో ఆ దారి మూసుకుపోయింది. మీసాలు ఎవరి ఖాతాలోకి వెళ్తాయన్నది మరీ చిక్కుగా ఉంది.

ఇక మిగిలింది ఒకటే. లోవకుమారిని ఉదయపు వెలుగులో మళ్లీ చిత్రించడం. సంఘం ఒప్పుకుంది. అయితే ఒక షరతు పెట్టింది. "ఒక ఉద్యోగికి రెండు ముఖములు ఉండరాదు. కావున పాత ముఖమును సంఘము సమక్షమున తెల్లరంగుతో పూసి రద్దు చేయవలెను."

ఇంజనీరింగు విభాగంవాళ్లు ఒక డబ్బా తెల్లరంగు, గోడలకు సున్నం కొట్టే వెడల్పు బ్రష్షు పంపారు. సంఘమంతా చిత్రకళా విభాగంలో కుర్చీలు వేసుకుని కూర్చుంది. దీపపు వెలుగులో వేసిన బొమ్మ కాబట్టి ఆ వెలుగులోనే రద్దు చేయాలని పొద్దుగూకాక పెట్టారు. దొరబాబుకు ఆ వేళలో లోపలికి రావడానికి ప్రత్యేక అనుమతి నేనే రాసిచ్చాను.

కాత్యాయని గారు బొమ్మను గోడకు ఆనించి, చేతులు కట్టుకుని పక్కకు నిలబడ్డారు. బ్రష్షు పట్టుకోలేదు.

లోవకుమారి బొమ్మ వైపు చూసింది. అందరం ఆవిడ వైపు చూశాం.

"నాకొద్దండి," అంది.

"ఏం వద్దమ్మా?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"మార్పు వద్దండి. కాయితం ఎనక్కి తీసుకుంటానండి."

"మరి మీ ఆయనతో ఉండాలని దరఖాస్తు పెట్టుకున్నది మీరే కదా?"

"నేనేనండి." ఆవిడ బొమ్మ దగ్గరికి జరిగింది. "పొద్దుటి బొమ్మ ఇంకోటి ఎయ్యొచ్చండి. బాగానే ఉంటాదేమో. కాని ఇది పోతాది కదండీ. నన్ను చూసిన బొమ్మ ఇదొక్కటేనండి."

రిజిస్ట్రారు గారు దొరబాబు వైపు తిరిగారు. "ఏమయ్యా, మీరేమంటారు?"

దొరబాబు చేతిలో ఖాళీ క్యారేజీ ఉంది. దాన్ని కింద పెట్టాడు. "ఆవిడ మాటే నా మాటండి. ఆ బొమ్మ మీద సున్నం కొట్టి ఆవిణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకుంటే నాకు బాగోదండి. మేం సర్దుకుంటాం. లాకుల దగ్గర రోజూ కనపడతాది కదండీ."

ఆర్థికాధికారి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు కాత్యాయని గారు అడిగారు: "ఒక మనిషికి రెండు ముఖాలుండకూడదు, సరేనండి. ఒక బొమ్మలో ఇద్దరు మనుషులుండకూడదని ఎక్కడైనా ఉందా?"

రిజిస్ట్రారు గారు నా వైపు చూశారు. ఉత్తర్వులన్నీ రాసింది నేనే. అన్నీ కంఠతా వచ్చు.

"లేదండి," అన్నాను.

బొమ్మలో లోవకుమారి పక్కన గోడ ఉంది. వట్టి గోధుమరంగు గోడ. కాత్యాయని గారు ఇద్దరినీ దీపం దగ్గర పక్కపక్కన కూర్చోబెట్టి, ఆ గోడ మీద దొరబాబును వేయడం మొదలుపెట్టారు. అతను నీలం చొక్కాలో ఉన్నాడు. చొక్కా దాకా వచ్చాక ఆవిడ ఆగి, కళ్లు చికిలించి చూసి, కుంచె కొసన కొంచెం నీలం తీసుకుని లోవకుమారి చెంప మీద పెట్టారు.

"అయ్యో, నా ముఖం మీద ఎందుకండీ?" అంది లోవకుమారి.

"మీ ఆయన చొక్కా మీద పడ్డ వెలుగు మీ చెంప మీదికి వస్తోందమ్మా. అప్పుడు ఆయన పక్కన లేరు, అందుకని లేదు. ఇప్పుడుంది." ఇంకో కుంచె తీసి దొరబాబు గడ్డానికి ఎరుపు తాకించారు. "ఇది మీ చీరది."

లోవకుమారి తల పక్కకు తిప్పి దొరబాబు గడ్డం కేసి చూసింది. నిజంగానే ఉంది. ఆవిడ సిగ్గుపడి మళ్లీ ముందుకు తిరిగిపోయింది.

తెల్లరంగు డబ్బా మూత తీసేశారు కాబట్టి వృథా కాకూడదని దొరబాబు పాత బొమ్మను తెప్పించారు. దాని మీద రంగు అతనే పూశాడు. "ఇందులో నేను కానిస్టేబులు సెలక్షనుకి వచ్చినట్టున్నానండి," అని ఏ బాధా లేకుండా రెండు పూతలు వేశాడు.

కొత్త కార్డు వచ్చింది. ఒకటే కార్డు, అందులో ఇద్దరు. మొదటి సాయంత్రం గేటు దగ్గర తాతబ్బాయి తన దీపం వేసి, కార్డును పైకెత్తి, చాలాసేపు పోల్చి చూశాడు.

"అమ్మగారి చెంప మీద నీలం రాలేదండి," అన్నాడు. "దొరబాబు గారూ, తమరు కొంచెం దగ్గరికి జరగాలండి."

దొరబాబు జరిగాడు. వెనక దీపపు వెలుగు ఉద్యోగులందరూ వరసలో ఉన్నారు.

"ఇంకొంచెం అండి."

"ఇంకా జరిగితే బాగోదేమోనండి," అన్నాడు దొరబాబు.

"నాదేముందండి, కార్డులో ఉంది."

లోవకుమారే జరిగింది. తాతబ్బాయి వంగి ఆవిడ చెంప వైపు చూసి, తల ఊపాడు. "ఆయ్, వచ్చిందండి. ఎల్లండి."

ప్రతి సాయంత్రం ఇదే జరిగేది. తాతబ్బాయి ముఖంలో నవ్వు ఎప్పుడూ లేదు, విధి నిర్వహణ తప్ప. వరసలో ఉన్నవాళ్లు మాత్రం ఆ కాసేపూ ఆలస్యమైందని ఎవరూ గొడవ చేసేవారు కాదు.

కార్డు ఒకటే కాబట్టి నిబంధనల ప్రకారం ఉద్యోగి కూడా ఒకరే. రెండు పోస్టులనూ ఒకటిగా కలిపి ఉత్తర్వు రాశాను. జీతాల విభాగం ముఖాలు చూడదు కనక జీతాలు మామూలుగా ఎవరిది వారికే వచ్చేవి. ఎక్కడ కూర్చోబెట్టాలన్నది సమస్య అయింది. పరీక్షల విభాగంలోకి బయటివాళ్లు రాకూడదు, అందుకని దొరబాబును రానివ్వలేదు. లైబ్రరీలోకి మార్కుల కాగితాలు తేకూడదు, అందుకని లోవకుమారిని రానివ్వలేదు. రెండు భవనాలకూ మధ్య ఒక వరండా ఉంది. అక్కడ ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక దీపం వేయించాం. ఎడమవైపు మార్కుల కాగితాలు, కుడివైపు పుస్తకాలు. చొక్కా నీలం చెంప మీద నిలవాలి గనక కుర్చీల మధ్య ఎడం ఉండరాదని రంగుల సంఘం తీర్మానించింది. క్యారేజీ మెట్ల మీద కాకుండా బల్ల మీదే విప్పుకునేవారు.

ఇది చూసి ఇంకొందరు దంపతులు ఉమ్మడి బొమ్మకు దరఖాస్తు పెట్టుకున్నారు. తమను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దని దరఖాస్తు పెట్టుకున్న దంపతులు అంతకంటే ఎక్కువ.

మరుసటి ఏడు పరాంకుశం గారి పదవీకాలం ముగిసింది. కొత్త వీసీ గారు వచ్చారు. ఆయనకు చిత్రకళ మీద ఏ అభిప్రాయమూ లేదు. మొదటి రోజు ఎండ మండుతున్న వేళ, కారింకా అప్పగించనందువల్ల ఆటోలో వచ్చి గేటు దగ్గర దిగారు. ప్రాంగణమంతా బోసిగా ఉంది. దూరంగా ఒక నీలం టార్పాలిన్ మెల్లగా నడిచిపోతోంది.

"మిగతావాళ్లేరీ?" అని అడిగారు.

"ఇంకా వాళ్ల వెలుగు రాలేదండి," అన్నాడు తాతబ్బాయి.

ఆ వారంలోనే ఫొటోలు మళ్లీ వచ్చాయి. అందరూ పది గంటలకు రావడం మొదలుపెట్టారు. కామర్సు రీడరు గారు కళ్లకు వెలుతురు ఆగడం లేదని కొన్నాళ్లు సెలవు పెట్టారు. బొమ్మలు ఎవరివి వాళ్లు పట్టుకెళ్లమన్నారు. కాత్యాయని గారి గదికి జనం వచ్చి, గోడకానించిన తమ ముఖాల ముందు కాసేపు నిలబడి, పాత గుడ్డల్లో చుట్టుకుని తీసుకెళ్లారు. చెవి మెలిపెట్టుకున్న ప్రొఫెసరు గారు కూడా వచ్చారు. "ఇంట్లో పెట్టుకోడానికి కాదు, ఊరికే ఉంటుందని," అన్నారు.

అందరినీ యథాస్థితికి తెచ్చాం, వాళ్లిద్దరిని తప్ప. రెండు పోస్టులు కలిపి ఒకటి చేయడానికి రిజిస్ట్రారు సంతకం చాలు. ఒక పోస్టును విడదీసి రెండు చేయాలంటే కొత్త పోస్టు సృష్టించినట్టు లెక్క. దానికి ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి కోరుతూ ఫైలు తయారు చేశాను. రాజధానికి పంపాల్సి ఉంది.

కొత్త వీసీ గారు వరండా మీదుగా వెళ్లినప్పుడల్లా నన్ను పిలిచి, "ఆ ఇద్దరి ఫైలు ఎంతవరకొచ్చింది?" అని అడుగుతుంటారు. పరిశీలనలో ఉందని మనవి చేస్తుంటాను.

నా దగ్గరే ఉంది. దాన్ని కదిలించమని దొరబాబు గాని, లోవకుమారి గాని ఇంతవరకు నన్ను అడగలేదు.